జపాన్‌కి రైస్ కుక్కర్ మోసుకెళ్లాం

శంషాబాద్‌లో నలుగురి సూట్‌కేసులూ తూకం వేస్తే మూడు సరిపోయాయి, నాలుగోది ఐదు కిలోలు ఎక్కువ తూగింది. పక్కకి లాగి జిప్పు తీశాం. లోపల బట్టలు తక్కువ, వంటిల్లు ఎక్కువ: రైస్ కుక్కర్, ఐదు కిలోల సోనా మసూరి బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి, చింతకాయ తొక్కు. "ఏంట్రా ఇదంతా?" అంటే, "అక్కడ పచ్చి చేపలు తప్ప ఏమీ దొరకవంట. మీరంటే తింటారు, నేనేం తినాలి?" అన్నాడు మా గుంపులోని ఏకైక శాకాహారి. బియ్యం సంచి తీసి, దిగబెట్టడానికొచ్చిన వాళ్ల తమ్ముడి చేతిలో పెట్టాం. కుక్కర్ మాత్రం మాతోపాటు విమానం ఎక్కింది.

టోక్యో, క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా. మొత్తం పది రోజులు. బయల్దేరే ముందు రెండు నెలలపాటు మా వాట్సాప్ గ్రూపులో పోగుపడిన సలహాల్లో సగం అక్కడ చెల్లలేదు. ఒట్టి అబద్ధాలైతే దిగగానే తేలిపోతాయి. చిక్కంతా సగం నిజాలతోనే.

అపోహ: కుక్కర్, ఊరగాయ ఉంటే ఎక్కడైనా బతికేయొచ్చు

టోక్యో హోటల్ గదిలో మొదటి రాత్రే కుక్కర్ పెట్టాం. బియ్యం అక్కడి సూపర్‌మార్కెట్లో చిన్న ప్యాకెట్ కొన్నాం. అడాప్టర్ పట్టింది, ఎర్ర లైటు వెలిగింది. గంట తర్వాత మూత తీస్తే బియ్యం నానాయే తప్ప ఉడకలేదు. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు, జపాన్‌లో 100. వోల్టేజీ సగానికంటే తగ్గితే వేడి కూడా సగమే తగ్గుతుందనుకుంటాం. కాదు, దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. ఫోన్ చార్జర్లు, ల్యాప్‌టాప్ చార్జర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి కాబట్టి వాటితో పేచీ లేదు. కాయిల్ ఉన్న సామాన్లే, అంటే కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివే, చేతులెత్తేస్తాయి.

మూడు నిమిషాల నడకలో కొంబిని ఉంది. రాత్రింబవళ్లు తెరిచి ఉండే చిన్న దుకాణాలకి అక్కడ అదే పేరు. అందులో వండిన తెల్లన్నమే ప్లాస్టిక్ గిన్నెలో సీలు చేసి అమ్ముతారు. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే పొగలు కక్కుతుంది. కాస్త జిగురన్నం, మన మసూరిలా విడివిడిగా రాలదు. నెయ్యి లేక వెన్న ముక్క వేసి, కందిపొడి కలుపుకుని తిన్నాం. ఆ తర్వాత కుక్కర్ మళ్లీ సూట్‌కేసు దాటి బయటికి రాలేదు.

ఊరగాయల సంగతి అంత తేలిక కాదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. మాంసం కలిసినదేదైనా ఆ దేశపు పశు క్వారంటైన్ నిబంధనల కిందికి వస్తుంది. సీలు వేసిన సీసా అయినా, ఇంటి వాడకానికే అని చెప్పినా మినహాయింపు ఉండదు. తాజా కరివేపాకు, పచ్చి కాయలు, బియ్యం లాంటి గింజలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆ లెక్కన బియ్యం సంచి వెనక్కి తీసుకెళ్లిన వాళ్ల తమ్ముడు మమ్మల్ని ఓ తలనొప్పి నుంచి కాపాడినట్టే.

అపోహ: శాకాహారికి జపాన్‌లో పస్తులే. దాని కవల అపోహ: మాంసం లేకపోతే శాకాహారమే

ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. మావాడు 'నికు నాషి' అన్న రెండు మాటలు నేర్చుకుని వెళ్లాడు. మాంసం లేకుండా అని అర్థం. మొదటి పూట బక్‌వీట్ పిండితో చేసిన సోబా నూడుల్స్ తెప్పించుకున్నాడు. పైన పచ్చటి ఉల్లికాడలు తప్ప మరేమీ లేవు. సగం తిన్నాక మాకే అనుమానమొచ్చి అడిగాం. వడ్డించే ఆవిడ నవ్వుతూ, ఇందులో మాంసమేమీ లేదు, దాషి మాత్రమే ఉందని ఫోన్‌లో అనువాదం చేసి చూపించింది.

జపాన్ వంటకి పునాదే దాషి. మనకి చారుకి చింతపండు రసం ఎలాగో వాళ్లకి ఇదలాగ. మామూలుగా కొంబు అనే సముద్రపు నాచునీ, కట్సుఓబుషినీ వేడినీళ్లలో వేసి తీస్తారు. కట్సుఓబుషి అంటే బొనిటో చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కముక్కలా బిగుసుకునేదాకా ఆరబెట్టినది. దాన్ని వడ్రంగి చిత్రిక పట్టినట్టు పలుచగా గీస్తారు. మీసో సూప్‌లో, సోబా పులుసులో, వేయించిన టోఫు చుట్టూ పోసే రసంలో, ఆఖరికి చాలాచోట్ల కూరగాయలు ఉడికించిన నీళ్లలో కూడా అదే. వంటవాళ్ల దృష్టిలో అది రుచే తప్ప చేప కాదు. పైగా 'నికు' అంటే జంతు మాంసమే, చేప ఆ మాట కిందికి రాదు. కాబట్టి అడగాల్సింది మాంసం ఉందా అని కాదు, దాషి దేనితో తీశారు అని.

అలాగని జపాన్‌కి శాకాహారం తెలియదనుకుంటే చరిత్ర ఒప్పుకోదు. క్రీ.శ. 675లో టెన్ము చక్రవర్తి ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని శాసనం చేశాడు. బౌద్ధ ప్రభావం వల్ల ఆ తర్వాత శతాబ్దాలపాటు, చేపలు తిన్నా, జంతు మాంసం పట్ల ఏదో ఒక రూపంలో విముఖత కొనసాగింది. 1872లో మెయిజీ చక్రవర్తి ఆవు మాంసం తిన్నారన్న సంగతి వార్త అయిందంటేనే అర్థం చేసుకోవచ్చు. ఇవాళ లోకం గొప్పగా చెప్పుకునే వాగ్యు బీఫ్ మోజు ఆ తర్వాతి సంగతి.

బౌద్ధ మఠాల్లో పుట్టిన శోజిన్ ర్యోరి ఇప్పటికీ ఉంది. క్యోటో ఆలయాల దగ్గరా, కోయా కొండ మీది మఠాల వసతి గదుల్లోనూ దొరుకుతుంది. దాషి కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మన మడి వంటే అనుకోండి. క్యోటోలో ఓ మధ్యాహ్నం నల్లటి లక్క పళ్లెంలో చిన్న చిన్న గిన్నెలు పెట్టారు. నువ్వులు మెత్తగా నూరి, కుడ్జు దుంప పిండితో గడ్డకట్టించిన ముద్ద ఒకటి, సోయా పాల మీద కట్టిన మీగడ మడతలు ఒకటి, పుల్లటి ముల్లంగి ఊరగాయ ఒకటి. పది రోజుల్లో మావాడు ఏమీ అడక్కుండా, ఫోన్ తీయకుండా తిన్న భోజనం అదొక్కటే. ఖరీదు మాత్రం చేదే. మిగతా రోజులు ఉప్పులో ఊరేసిన ఉమె అనే పుల్లటి కాయ పెట్టిన అన్నం ముద్దలు గట్టెక్కించాయి. నోట్లో పెట్టుకోగానే "ఒరేయ్, ఇది ఊరగాయన్నమేరా" అన్నాడు. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయి వైపు వెళ్తే దోసెలూ దొరుకుతాయి. చాలా ఊళ్లలో 'ఇండియన్ రెస్టారెంట్' బోర్డు వెనక ఉండేది నేపాలీ సోదరులు.

అపోహ: సుషీ అంటే పచ్చి చేప

పచ్చి చేప ముక్కలు సషిమి. సుషీ అనేది వెనిగర్ కలిపిన అన్నం పేరు. పైన చేప ఉండొచ్చు, గుడ్డు ఉండొచ్చు, లోపల దోసకాయ ముక్క ఒక్కటే ఉండొచ్చు. చాప్‌స్టిక్సే వాడాలన్న నియమం కూడా లేదు, చేత్తో తింటే ఎవరూ వింతగా చూడరు. మనకిది శుభవార్త.

అపోహ: అక్కడి వంటలన్నీ అనాదిగా ఉన్నవే

మన బజ్జీల్లాంటి టెంపురా పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. మనకి మిరపకాయ తెచ్చిందీ వాళ్లే. రామెన్ నూడుల్స్ మూలం చైనా. జపాన్ ఇళ్లలో వారం వారం వండుకునే 'కరే' మన దేశం నుంచి నేరుగా కాదు, బ్రిటిష్ వాళ్ల పొడి డబ్బాల్లో మెయిజీ కాలంలో చేరింది. అది తియ్యగా, చిక్కగా ఉంటుందని మనం పెదవి విరిచినట్టే, టోక్యోలో తలదాచుకున్న విప్లవకారుడు రాస్ బిహారీ బోస్‌కీ నచ్చలేదు. ఆయన చొరవతో 1927లో షింజుకులోని నకమురాయ మసాలాలతో భారతీయ పద్ధతి కూర వడ్డించడం మొదలుపెట్టింది. ఆ దుకాణం ఇప్పటికీ ఉంది. ఇక ఎర్ర అజుకి గింజలు ఉడికించి, పంచదారతో దగ్గరికి చేసిన అంకో ముద్దని బూరెల పూర్ణానికి చుట్టమనే చెప్పొచ్చు.

అపోహ: ఇంగ్లీషు రాని దేశంలో నోరు పెగలదు

స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు ఉంది, ఫోన్‌లో అనువాదం ఉంది. అంతకంటే పెద్ద ఆసరా మాకు ఒసాకాలో దొరికింది. మనలాగే జపనీయులకీ మాట చివర అచ్చు లేకపోతే నోరు తిరగదు. ఇంగ్లీషు బస్ వాళ్లకి 'బసు', గ్లాస్ 'గురసు', బీర్ అచ్చంగా 'బీరు'. ఇజకాయ అంటే తాగుతూ తినే చోటు. అలాంటి ఒకదాంట్లో మావాడొకడు స్టైలుగా "బియర్ ప్లీజ్" అంటే వడ్డించే అబ్బాయి బిక్కమొహం వేశాడు. విసుగొచ్చి నాలుగు వేళ్లు చూపిస్తూ, "బీరు బాబూ, బీరు!" అని తెలుగులో అరిచాడు. నాలుగు గ్లాసులు వచ్చాయి. క్రియాపదం వాక్యం చివర పడటం కూడా రెండు భాషలకీ ఉన్న పోలికే.

బీరుతోపాటు మేం అడగని చిన్న గిన్నెలు నాలుగు వచ్చాయి, బిల్లులోనూ ఎక్కాయి. మోసపోయామనుకున్నాం. అది ఒతోషి. ఇలాంటి చోట్ల కూర్చున్నందుకు తలకి ఇంతని వేసే మామూలు రివాజు. దానికి బదులు టిప్పు లేదు. బల్ల మీద వదిలేసిన చిల్లర పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొస్తారు.

అపోహ: జేఆర్ రైలు పాస్ కొనకుండా వెళ్తే డబ్బు దండగ

ఒకప్పుడు నిజం. 2023 అక్టోబరులో ఏడు రోజుల మామూలు పాస్ 29,650 యెన్ల నుంచి 50,000కి పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి ఒకవైపు టికెట్టు సుమారు 14,000. రానుపోను లెక్కేసినా పాస్‌లో సగం దాటి కొంచెం. హిరోషిమా దాకా వెళ్లొచ్చినా 40,000 దగ్గర ఆగుతుంది. పైగా అన్నిటికంటే వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే పాస్ మీద విడిగా రుసుము కట్టాలి. పాత వీడియోలు చూసి కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మేమూ కొనబోయి ఆగాం. టోక్యో నుంచి క్యోటో వైపు వెళ్లేటప్పుడు మామూలు బోగీలో ఇ సీటు అడగండి. ఫుజి కొండ కుడివైపు వస్తుంది. కనిపిస్తుందన్న హామీ లేదు. మాకు మబ్బే కనిపించింది.

అపోహ: రైలు ఒక్క క్షణం ఆలస్యం కాదు, టోక్యో నిద్రపోదు

2017లో ఒక రైలు 20 సెకన్లు ముందు బయల్దేరిందని ఆ సంస్థ క్షమాపణ చెప్పడం ప్రపంచమంతా తిరిగింది. తిరగనిది ఇంకోటుంది: స్టేషన్లలో ఇచ్చే ఆలస్య ధ్రువపత్రం. రద్దీ వేళల్లో నగర రైళ్లు ఐదూ పది నిమిషాలు ఆలస్యమవుతూనే ఉంటాయి. ఆఫీసులో చూపించడానికి ఆ చీటీ ఇస్తారు. తుపాను వస్తుందంటే ముందే ప్రకటించి మొత్తం ఆపేస్తారు.

రాత్రి ఒంటిగంటకి ముందో వెనకో రైళ్లు ఆగిపోతే మళ్లీ తెల్లవారుజామునే. షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. అందులో మా దారి వెతుక్కునే లోపు ఆఖరి రైలు వెళ్లిపోయింది. టాక్సీ అర్ధరాత్రి అదనపు చార్జీతో హోటల్ అద్దెని మించేలా ఉంది. చివరికి ఓ కరోకె గదిలో తెల్లవారేదాకా గొంతు చించుకున్నాం. పక్క గదిలో సూటూ టైలతో ఆరుగురు ఉద్యోగులు మాకంటే గట్టిగా పాడుతున్నారు. జపనీయులు నోరెత్తరు అన్న మాట ఆ రాత్రే చెల్లకుండా పోయింది. రైల్లో ఫోన్ మాట్లాడరు, అంతే.

అపోహ: హిరోషిమాలో ఇప్పటికీ రేడియేషన్ ఉంటుంది

ఇది మా అమ్మ భయం. "ఆ ఊరొద్దు నాన్నా" అని రెండుసార్లు ఫోన్ చేసింది. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కి బాంబు నేలను తాకలేదు, సుమారు 600 మీటర్ల ఎత్తున పేలింది. రేడియోధార్మిక అవశేషాల్లో ఎక్కువ భాగం పైకి లేచి చెదిరిపోయింది. కొంత నల్లటి వానగా కురిసి మనుషుల్ని బలి తీసుకుంది. నేలలో పుట్టిన రేడియోధార్మికత చాలావరకు త్వరత్వరగా తగ్గిపోయింది. ఇవాళ అక్కడ కొలిస్తే ఏ ఊళ్లోనైనా సహజంగా ఉండేంతే. చెర్నోబిల్‌లో రియాక్టరు నేల మీదే పేలి, కాలి, దాని ఇంధనం చుట్టూ పరుచుకుంది కాబట్టి అక్కడి కథ వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే మన భయం.

75 ఏళ్లదాకా ఇక్కడ గడ్డి కూడా మొలవదని అప్పట్లో ప్రచారం జరిగింది. మూడో రోజుకే ట్రాము ఒక మార్గంలో కదిలింది. ఆ తర్వాత బూడిదలోంచి తొందరగా పూసిన మొక్కల్లో గన్నేరు ఒకటని ఆ నగరం దాన్నే తన పువ్వుగా పెట్టుకుంది. అవును, మన పెరట్లో పూసే గన్నేరే. మేం వెళ్లింది ఏప్రిల్లో, చెర్రీపూల కోసం. గన్నేరు పూసే కాలం కాదు. నది గట్టున ఆ సన్నటి ఆకులు చూసి మా శాకాహారే ముందు గుర్తుపట్టాడు. కాసేపు అక్కడే నిలబడ్డాం. ఫోటో తీసి అమ్మకి పంపాను.

అపోహ: జపాన్ కుక్కర్ కొనుక్కొస్తే జీవితాంతం ఢోకా లేదు

చివరి రోజు ఒసాకాలో మావాడు ఓ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో మెరిసిపోతున్న కుక్కర్ పట్టుకుని బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. అక్కడి అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, ఫోన్‌లో ఏదో టైపు చేసి తిప్పి చూపించింది: "ఇది 100 వోల్టులు. మీ ఇంట్లో కాలిపోతుంది." విదేశాలకి తీసుకెళ్లేవి వేరే అరలో ఉన్నాయట. వాటి ధర చూసి మావాడు కుక్కర్ అక్కడే పెట్టేసి, ఎదురుగా ఉన్న దుకాణంలో ఉమె ఊరగాయ డబ్బా కొన్నాడు.