‘రౌడీ’ అను మాట

తెలుగునాట బడికి పోవు పిల్లవానికి సయితము అర్థము విడమరచి చెప్పనక్కరలేని ఇంగ్లీషు మాటలలో ‘రౌడీ’ ఒకటి. రైలు, పోస్టు, బల్బు మొదలైన మాటలు వస్తువులతోపాటు వచ్చినవి. వస్తువు క్రొత్తది గనుక దాని పేరును క్రొత్తదే అయినది. రౌడీ సంగతి అట్టిది కాదు. వీధిలో అల్లరి చేయువారు, బలము చూపి బెదిరించువారు, ఆ బెదిరింపుతోనే పొట్ట పోసికొనువారు ఇంగ్లీషువారు రాకముందును ఈ దేశమున ఉండిరి. వారిని పిలుచుటకు తెలుగున మాటలకు కరవు లేదు. ఐనను ఈ పరదేశపు మాట వచ్చి, పాత మాటల నడుమ చోటు చేసికొని, పోలీసు ఠాణాలోను, సినిమా గోడపత్రికపైనను, తరగతి గదిలోను స్థిరపడినది. ఒకచోట అది అభియోగము, ఒకచోట బిరుదు, ఒకచోట తిట్టు. ఒక్క మాట ఇన్ని వేషములు వేయుట భాషాభిమానులకు వినోదమే. కాని ఆ మాట ఎవరి మీద పడునో వారికది వినోదము కాదు.

ఈ మాట పుట్టినది ఇంగ్లండులో కాదు, అమెరికాలో. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో, 1808 ప్రాంతమున, అచ్చటి వ్రాతలలో ఇది కనబడుచున్నది. పట్టణములకు దూరముగా అడవి సరిహద్దులలో బ్రదుకుచు, మొరటుగాను కలహప్రియులుగాను మెలగు మనుష్యులకు ఆనాటివారు ఈ పేరు పెట్టిరి. గలభా, కొట్లాట అను అర్థమున ‘రౌ’ అను మాట ఇంగ్లీషున పదునెనిమిదవ శతాబ్దినుండి వాడుకలో ఉన్నది. రౌడీ దాని సంతతియే కావచ్చునని నిఘంటుకారులు తలంచుచున్నారు. ఆ ‘రౌ’ సయితము పండితుల మాట కాదు.

తెలుగు చెవికి రౌడీ అనగానే రౌద్రము, రౌరవము జ్ఞప్తికి వచ్చుట సహజము. రౌద్రము రుద్ర శబ్దమునుండి వచ్చినది. రౌరవము ఒక నరకము పేరు. వీనికిని రౌడీకిని ఎట్టి చుట్టరికమును లేదు. ధ్వని కలిసినంత మాత్రమున వంశము కలియదు. పదముల పుట్టుకను చెవితో మాత్రమే నిర్ణయింపబూనుట ఎంత ప్రమాదమో విద్యార్థులకు చూపుటకు ఇది మంచి ఉదాహరణము.

ఇంగ్లీషు మాటకును తెలుగు మాటకును నేడు గల తేడా గమనింపదగినది. ఇంగ్లండు, అమెరికాలలో ఇది నేడు ముఖ్యముగా విశేషణము. ఉపాధ్యాయుడు లేని తరగతి రౌడీ. బంతియాట చూచి కేకలు వేయు గుంపు రౌడీ. పొద్దుపోవునంతవరకు సాగిన విందు రౌడీ. కొంతసేపటికి సద్దుమణుగు సందడికి పెట్టిన పేరది. తెలుగున అది నామవాచకము. ‘వాడు రౌడీ’ అన్నచో వాడు ఈ పూట అల్లరి చేసినాడని అర్థము కాదు. వాని బ్రదుకే అట్టిదని అర్థము. విశేషణము ఒక్క గుణమును చెప్పి ఊరకుండును. నామవాచకము మనుష్యుని జాతినే నిర్ణయించును. వ్యాకరణమున ఈ మార్పు ఒక్క మెట్టే. లోకమున దాని బరువు మిక్కిలి పెద్దది.

చోటు దొరికిన పిమ్మట ఈ మాట తెలుగు మాటవలెనే సంసారము పెంచుకొన్నది. బహువచనమున రౌడీలు, భావార్థమున రౌడీతనము, సమాసమున రౌడీమూక ఏర్పడినవి. ‘రౌడీయిజము’ను చూచినచో బాలవ్యాకరణము చదివిన విద్యార్థికి నవ్వు వచ్చును. ప్రకృతి ఇంగ్లీషుది, ప్రత్యయము ఇంగ్లీషుది. నడుమ నిలిచిన యడాగమము మాత్రము అచ్చముగా తెలుగుది. ‘రౌడీషీటరు’ ఇంకను విచిత్రమైనది. దాని ముక్కలన్నియు ఇంగ్లీషువే. కూర్పు మాత్రము ఈ దేశముది. లండను వీధిలో ఆ మాట పలికినచో వినువానికి బోధపడదు.

ఇక ఈ మాట రాకముందు తెలుగువారు ఏమనెడివారు? ఇందు ఒక చక్కని మెట్లవరుస కలదు. అన్నిటికంటె క్రింది మెట్టు కొంటెతనము. అందు చమత్కారమే గాని హాని లేదు. తరువాతిది తుంటరితనము, అది కొంచెము చికాకు పెట్టును. ఆకతాయి వాడు పనిలేక ఇతరులను వేధించును. జులాయి ఇల్లు పట్టక తిరుగును. పోకిరి వీధిలో పోవు ఆడువారికి భయము కలిగించును. ఆగడము దౌర్జన్యము. దుండగీడు నేరమునకే తెగించినవాడు. తల్లి తన బిడ్డను కొంటెవాడనును, కోపము వచ్చినచో తుంటరి యనును. దుండగీడని మాత్రము అనదు. ఏ మాట ఎచ్చట నిలుపవలెనో వాడుకయే నేర్పినది.

వీనిలో ‘అల్లరి’కి గల విస్తృతి మరి దేనికిని లేదు. పిల్లవాడు అల్లరి చేసినచో ముద్దు. ఒకరిని అల్లరి పెట్టినచో అవమానము. ఒకరి బ్రదుకు అల్లరిపాలైనచో అపకీర్తి. ఆ మాటయే బహువచనమై ‘అల్లర్లు’ అని పత్రికలో అచ్చుపడినచో ఊరు తగులబడినదని అర్థము. ఏకవచనమున యశోద ఇంటి ముంగిట ఆడుకొను మాట, బహువచనమున నిషేధాజ్ఞలను పిలుచుకొని వచ్చును.

తెలంగాణమున ఉర్దూ సాహచర్యము వలన మరికొన్ని మాటలు చేరినవి. బద్మాషు, లఫంగా, గూండా అట్టివి. బద్మాషు అనునది ‘బద్’ అను పారసీ మాటయు, జీవనోపాధి యను అర్థము గల ‘మఆష్’ అను అరబ్బీ మాటయు కలియగా ఏర్పడినది. చెడ్డ బ్రదుకుతెరువు గలవాడని దాని అర్థము. ఐనను తాత మనుమని బుగ్గ గిల్లి ‘బద్మాష్’ అన్నచో అందు చెడ్డదనము లేదు. గూండా అను మాటకు ఈ చనువు దొరకలేదు. 1923లో కలకత్తా కొరకు బెంగాలు ప్రభుత్వము గూండాల చట్టము చేసినది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ నివారక నిర్బంధ చట్టము పేరులోను ఆ మాట చేరినది. చట్టమునకెక్కిన మాటకు ముద్దు దక్కుట కష్టము.

రౌడీకి బలము వచ్చినది ఇట్లే. మద్రాసు రాజధానిలో 1859 నాటి చట్టముతో క్రొత్త పోలీసు వ్యవస్థ ఏర్పడినది. దాని వ్రాతకోతలన్నియు ఇంగ్లీషున నడచినవి. ఉత్తరదేశమున ‘హిస్టరీషీటరు’ అను మాట వ్యాపింపగా, దక్షిణమున ‘రౌడీషీటు’ నిలిచినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు మాన్యువల్ 601వ ఉత్తర్వు ఎవరి పేర ఈ షీటు తెరువవచ్చునో చెప్పుచున్నది. శాంతిభంగకరములైన నేరములను అలవాటుగా చేయువారు, స్త్రీలను బాలికలను అలవాటుగా వేధించువారు, బెదిరించి డబ్బు గుంజువారు అందున్నారు. న్యాయస్థానము శిక్ష విధించువరకు పోలీసులు ఆగనక్కరలేదు. షీటు తెరచిన పిమ్మట ఆ మనుష్యుని రాకపోకలపై నిఘా ఉండును. ఎన్నికలు వచ్చినను, పెద్ద ఊరేగింపు వచ్చినను వానికి ఠాణానుండి పిలుపు వచ్చును.

ఈ నిబంధనలకు ప్రాణము ‘అలవాటుగా’ అను క్రియావిశేషణమున ఉన్నది. ఒకనాడు కొట్లాడినవాడు వేరు, కొట్లాటయే వృత్తిగా గలవాడు వేరు. 1984లో బీహారు రాష్ట్రమునకు సంబంధించిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ మాటకు అర్థము నిర్ణయించినది. ఒకే తీరు పనులు మరల మరల జరిగి, వాని నన్నిటిని కలుపు సూత్రమొకటి కనబడవలెనని, విడివిడిగా జరిగిన ఒకటి రెండు పనులు అలవాటు కాజాలవని దాని సారాంశము. 2024 మే నెలలో ఢిల్లీకి సంబంధించిన మరియొక వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే హిస్టరీషీట్లు పోలీసుల అంతరంగిక పత్రములే గాని లోకమునకు చాటదగినవి కావని చెప్పినది. వెనుకబడిన వర్గములలో పుట్టినంత మాత్రమున నిర్దోషుల పేర్లు యాంత్రికముగా ఎక్కింపరాదని, ఆ పత్రములలో పసివారి వివరములు బయటపెట్టరాదని హెచ్చరించినది. ఒక్క మాటను మనుష్యునికి తగిలించుటకు ఎంత విచారణ అవసరమో ఈ తీర్పులు చెప్పుచున్నవి.

ఇతర దేశములలోను ఇట్టి మాటలు ఇట్టి దారులనే నడచినవి. 1898 వేసవిలో లండను పత్రికల నేరవార్తలలో ‘హూలిగన్’ అను మాట ఒక్కసారిగా వ్యాపించినది. అది ఒక ఐరిష్ ఇంటిపేరునుండి వచ్చినదని చెప్పుదురు. ఆ మాట రష్యాకు పోయి, 1922 నాటి సోవియట్ శిక్షాస్మృతిలో ఒక నేరము పేరై కూర్చున్నది. ఆస్ట్రేలియాలో 1870 ప్రాంతమున వీధికుఱ్ఱలను నిందించుటకు పుట్టిన ‘లారికిన్’ అను మాట దీనికి విరుద్ధముగా నడచినది. కాలక్రమమున కట్టుబాట్లను లక్ష్యపెట్టని సరదా మనిషి అను అర్థము దానికి వచ్చినది. నేడది కొంత మెప్పు కూడ. ఒకటి చట్టము వైపు, ఒకటి చనువు వైపు నడచినవి.

తెలుగున రౌడీ ఈ రెండు దారులను ఒక్కసారే త్రొక్కినది. ఠాణాలో షీటు మీద ఉన్న మాటయే సినిమాకు శీర్షిక అయినది. 1980లో ‘రౌడీ రాముడు కొంటె కృష్ణుడు’ వచ్చినది. మెట్లవరుసలో అడుగున ఉన్న కొంటెతనమును, అందరికంటె భయపెట్టు రౌడీతనమును ఆ పేరు పక్కపక్కన నిలిపినది. 1991లో ‘అసెంబ్లీ రౌడీ’, ‘రౌడీ అల్లుడు’ వచ్చినవి. 1992లో ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ వచ్చినది. షీటు వ్రాయువాడును, షీటున ఎక్కువాడును ఒక్క పేరున కలిసిరి. అన్యాయమును చూచి సహింపక చేయి చేసికొనువాడను అర్థము సినిమా ఈ మాటకు ఇచ్చినది. 2018లో నటుడు విజయ్ దేవరకొండ ఈ పేరుతోనే దుస్తుల వ్యాపారము ప్రారంభించినాడు. ఆయన అభిమానులు తమను రౌడీలని సంతోషముతో చెప్పుకొందురు. మాటను తానే ధరించువానికి అది ఆభరణము. ఇతరులు తగిలించినవానికి అది సంకెల.

ఈ భేదము బడిలో మిక్కిలి అవసరము. ‘ఈ పిల్లవాడు నేడు తోటివానిని కొట్టినాడు’ అనుట ఒక సంగతి చెప్పుట. దానికి విచారణ కలదు, మందలింపు కలదు, క్షమాపణ కలదు, రేపు కలదు. ‘ఈ పిల్లవాడు రౌడీ’ అనుట తీర్పు చెప్పుట. దానికి రేపు లేదు. ఆ మాట ఉపాధ్యాయుల గదిలో ఒకరినుండి ఒకరికి పోవును. పై తరగతికి పిల్లవానికంటె ముందుగా చేరును. అచ్చట పగిలిన పలకకును, పోయిన పుస్తకమునకును ముందు వానినే అడుగుదురు. సినిమాలో రౌడీ బిరుదమని నేర్చిన పిల్లవాడు కొన్నాళ్లకు ఆ పేరునకు తగినట్లు ఉండుటయే గొప్ప అనుకొన్నను ఆశ్చర్యము లేదు.

చట్టము సయితము ఈ విషయమున తన మాటలు మార్చుకొన్నది. నేరము మోపబడిన పిల్లవానిని 1986 నాటి చట్టము బాలనేరస్థుడను అర్థము వచ్చు మాటతో పేర్కొన్నది. 2000 నాటి చట్టము ఆ మాటను తీసివేసి, చట్టముతో ఘర్షణపడిన బాలుడను అర్థము గల పదబంధమును నిలిపినది. అనగా పిల్లవాడు నేరమై పోలేదు. వానికొక ఘర్షణ వచ్చినది, అంతే. 2015 నాటి బాలల న్యాయ చట్టము ఇంకను ముందుకు పోయి, బాలుని విషయమున జరుగు వ్యవహారములలో నిందావాచకములు వాడరాదని, వాని పాత దస్త్రములు చెరిపి క్రొత్త ఆరంభము కలిగింపవలెనని మూలసూత్రములలో చేర్చినది. న్యాయస్థానమున నేరము మోపబడిన బిడ్డకు దొరకు మర్యాద, గోడ దూకి పట్టుబడిన బడిపిల్లవానికి దొరకకపోవుట న్యాయము కాదు.

దౌర్జన్యమును కప్పిపుచ్చి మంచి పేరు పెట్టవలెనని దీని భావము కాదు. తోటివానిని ఏడిపించినది ఏడిపించుటయే, బాలికను వేధించినది వేధించుటయే. ఆ పనికి దాని పేరే పెట్టవలెను, పిల్లవానికి కాదు. కొంటెతనమునుండి దుండగము వరకు ఇన్ని మెట్లు తెలుగువారు కట్టుకొన్నది ఏ పని ఏ మెట్టున ఉన్నదో చూచి చెప్పుటకే. అన్నిటికిని ఒక్కటే మాట వాడినచో మెట్లు పోయి గోడ మిగులును. పిల్లవానికా, హాజరు పుస్తకములో తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండనే ఉన్నది.