పళ్లూడిన బెల్టు... చతికిలపడ్డ ఇంజను!

విజయవాడలో బంధువుల గృహప్రవేశం. తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరారు మా బావగారు. పక్కన అక్క, వెనక పిల్లలిద్దరు, డిక్కీ నిండా సామాను. సూర్యాపేట ఇంకాస్త దూరం ఉందనగా బానెట్ కింద ‘టక్’మని ఓ చప్పుడు. అంతే, ఇంజను ఆగిపోయింది! తాళం తిప్పితే స్టార్టర్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజను అందుకోవడం లేదు. దాబా దగ్గరున్న కుర్రాళ్లు నలుగురు సాయానికొచ్చారు. ‘సెకండ్ గేర్‌లో వేసి క్లచ్ వదలండి అంకుల్’ అంటూ తోశారు. లోపల కటకటమని శబ్దం వచ్చింది తప్ప బండి కదల్లేదు.

‘మొన్ననే కదా రిపేరు చేయించాను’... బావగారి నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. అసలు చిక్కంతా ఆ రిపేరుతోనే వచ్చిందని తెలియడానికి రెండ్రోజులు పట్టింది.

అంతకు నాలుగు రోజుల ముందు వాటర్ పంపు కారుతోందని షెడ్డులో కొత్తది వేయించారు. ఆయన కారులో ఆ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పంపు మార్చాలంటే బెల్టు విప్పి తీరాలి. ‘బెల్టు పాతబడింది సార్, పన్లో పనిగా మార్చేద్దామా?’ అని మెకానిక్ అడిగాడు. ‘ఇప్పుడొద్దులే, పండక్కి చూద్దాం’ అన్నారు బావగారు. పాత బెల్టే మళ్లీ ఎక్కింది.

ఇంతకీ ఈ బెల్టు పనేమిటి? ఇంజన్లో కింద క్రాంక్ షాఫ్ట్, పిస్టన్లు దానికే బిగించి ఉంటాయి. పైన క్యామ్ షాఫ్ట్, అది వాల్వులను తెరుస్తుంది. ఈ రెంటినీ కలిపేది పళ్లున్న రబ్బరు బెల్టు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఇంజను 3,000 ఆర్‌పీఎం మీద ఉందంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది! పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వు తప్పుకోవాలి. కోలాటంలో ఒకరు అడుగు తప్పితే కర్ర పక్కవాళ్ల వేళ్ల మీద పడుతుంది చూడండి... బెల్టు తెగినా, పళ్లూడినా ఇక్కడా అంతే. తెరిచి ఉన్న వాల్వుల్ని పిస్టన్లు గుద్దేస్తాయి. కొన్ని పెట్రోలు ఇంజన్లలో ఆ రెంటి మధ్యా ఖాళీ ఉంటుంది, బండి ఆగుతుందంతే. డీజిల్ ఇంజన్లలో దాదాపు ఆ వెసులుబాటే లేదు. ఆగిన బండిని తోసి స్టార్ట్ చేయాలని చూస్తే మిగిలిన వాల్వులకూ మూడినట్టే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కాలంలో ఈ గొడవ లేదు. వాటిలో ఉండేది ఇనుప చైను. 1962లో జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ తన 1004 మోడల్‌తో రబ్బరు బెల్టును మార్కెట్లోకి తెచ్చింది. చప్పుడు తక్కువ, ఖర్చూ తక్కువ. మన మారుతి 800, శాంత్రో, ఇండికా డీజిల్ అన్నీ బెల్టు బళ్లే. ఇప్పుడు చాలా కొత్త కార్లు మళ్లీ చైను వైపు మళ్లాయి గానీ, పాత బళ్లు రోడ్ల మీద ఇంకా ఉన్నాయి. కంపెనీని బట్టి 60 వేల నుంచి లక్ష కిలోమీటర్లకు, లేదా నాలుగైదేళ్లకు బెల్టు మార్చమంటారు. కొన్నింటికి గడువు ఇంకా ఎక్కువ. బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాల్సిందే. బండి తిరక్కపోయినా రబ్బరు ఎండుతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

బావగారి కారు హెడ్డు దింపి చూస్తే ఎనిమిది వాల్వుల్లో ఆరు వంగిపోయి ఉన్నాయి. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బోల్టు వదులుగా ఉంది. అంటే నేరం బెల్టు వయసుది మాత్రమే కాదు, బిగింపుది కూడా! బెల్టు ఎక్కించాక గుర్తులు కలిశాయో లేదో చూసి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ గుర్తులు సరిచూడాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి లాగదు, పొగ వదులుతుంది. పంపు నీళ్లు, ఆయిల్ సీల్ నుంచి కారే ఆయిల్ తగిలినా బెల్టు పాడవుతుంది. అందుకే పనెరిగిన మెకానిక్‌లు బెల్టు, టెన్షనర్, పంపు, సీళ్లు ఒకేసారి మార్చమంటారు. విప్పే కూలీ ఒక్కసారే కదా.

బాగుచేయించే ఖర్చు యాభై వేలు దాటింది. ‘నేను మార్చమన్నాను, మీరే వద్దన్నారు’ అన్నాడు మెకానిక్. ‘బోల్టు సరిగా బిగించొద్దని కూడా నేనే చెప్పానా?’ అన్నారు బావగారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఏదీ కాగితం మీద లేదు! బిల్లులో ఉన్నది ‘వాటర్ పంపు - 1’ అని మాత్రమే. బెల్టు విప్పినట్టుగానీ, మీటరు రీడింగుగానీ రాయలేదు. బీమా కంపెనీని అడిగితే మామూలు పాలసీలో యంత్రం చెడిపోవడానికి పరిహారం ఉండదన్నారు. బిల్లు సరిగా ఉంటే సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, అదీ రెండేళ్లలోపు. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోన్ చేయొచ్చు.

బావగారు అంత దూరం వెళ్లలేదు. రెండు వారాల వాదన తర్వాత కూలీ డబ్బులు తాను పెట్టుకుంటానన్నాడు మెకానిక్, స్పేర్ల ఖర్చు ఈయన భరించారు. కొత్త బిల్లులో బెల్టు నంబరు, తేదీ, కిలోమీటర్లు అన్నీ దగ్గరుండి రాయించుకున్నారట. పళ్లూడిన ఆ పాత బెల్టు మాత్రం ఇప్పటికీ డిక్కీలోనే ఉంది. ఎవరైనా కొత్తగా పాత కారు కొన్నామని చెబితే చాలు, తీసి చూపిస్తుంటారు.