మఱపునకు వెఱవవలదు

మాది రేపల్లె. ముదిమిలో నేను మనశ్శాస్త్ర ప్రథమ పాఠములను చేతిఫోనులో వినుచున్నాను. తెనాలి, బాపట్ల కళాశాలలకుఁ బోనక్కఱలేదు. భారత ప్రభుత్వము 2017లో నెలకొల్పిన ‘స్వయం’ వేదికలో వినుట ఉచితము. యోగ్యతాపత్రమునకై పరీక్ష వ్రాయువారే రుసుము చెల్లింపవలయును.

రాత్రి విన్నది తెల్లవాఱుసరికి మఱచుచుండుటచే, వయస్సు మీఱెనని చదువు మానఁబోయితిని. అంతలో ఎబ్బింగ్‌హౌస్ పాఠము వచ్చెను. ఆ జర్మను పండితుఁడు అర్థములేని అక్షరములను తానే వల్లించి, తన మఱపును కొలిచి, 1885లో ప్రకటించెను. నాఁటికాయన వయస్సు 35 ఏండ్లే! నేర్చిన తొలిగంటలలో మఱపు మిక్కుటము, పిదప మందగించును. ఒక్కనాఁడే పలుమాఱులు వల్లించుటకంటె దినముల యెడమిచ్చి వల్లించుట మేలని యాయన తేల్చెను. మన వీథిబడులలో పాతపాఠము నప్పగింపించుటయు నిట్టిదే కదా!

నేఁడు విన్నదానిని ఱేపును, నాల్గవనాఁడును నెమరువేయుచున్నాను, నిలుచుచున్నది. మఱపునకు వెఱచి చదువు విడువకుఁడు.