పెళ్లి ఫోటోలు: అడ్డుతెర దిగేలోపు అనుకోవాల్సినవి

మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. పురోహితుడు లగ్నం వేళ చూసి సైగ చేయగానే వధూవరులు ఒకరి నడినెత్తిన ఒకరు ఆ ముద్ద ఉంచుతారు. అడ్డుతెర దిగుతుంది. గట్టిమేళం మోగుతుంది, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ మొదటి చూపు నిలిచేది నాలుగైదు క్షణాలే.

మా మేనకోడలి పెళ్లి ఫోటోల్లో ఆ చూపు కోసం వెతికాం. పదిహేడు ఫోటోలు దొరికాయి. చాలావాటిలో బంధువుల సెల్‌ఫోన్లు అడ్డం. మిగిలినవాటిలో పెళ్లికొడుకు మోచెయ్యి అమ్మాయి ముఖాన్ని కప్పేసింది. అమ్మాయి కళ్లు కనిపించే ఫోటో ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫర్‌కు పని రాక కాదు. ఎక్కడ నిలబడాలో అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. రెండేళ్ల తర్వాత మేనకోడలి తమ్ముడి పెళ్లి కుదిరినప్పుడు కాబోయే దంపతులిద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకున్నారు. ఆ రెండు పెళ్లిళ్లూ దగ్గరుండి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు ఇద్దరి మాట

ప్యాకేజీ ధరలు చూడకముందు చేయాల్సిన పని ఒకటుంది. రెండిళ్ల పాత ఆల్బమ్‌లు ముందు పెట్టుకుని, వాటిలో ఏ ఫోటో దగ్గర చెయ్యి ఆగుతుందో చూడండి. చాలాసార్లు అది వేదిక మీది ఫోటో కాదు. వంటశాల దగ్గర నవ్వుతున్న పిన్ని, పందిట్లో నిద్రపోయిన పసిపిల్ల, అప్పగింతలప్పుడు తల తిప్పుకున్న నాన్న. అలా చూస్తూ ఇద్దరూ చెరి ఐదు ఫోటోలు కాగితం మీద రాయండి. మావాడు మొదటగా రాసింది, ‘అమ్మమ్మ మంగళస్నానానికి నలుగు పెట్టేటప్పుడు ఆమె చేతులు’. కాబోయే భార్య ఆ కాగితం చదివాకే అతనికి అమ్మమ్మ ఎంత ముఖ్యమో తెలిసిందని తర్వాత చెప్పింది.

ఆ పది ఫోటోల కాగితం ఫోటోగ్రాఫర్‌కు ఇవ్వండి. దాంతో పాటు మీ ఇంటి పద్ధతిలో ఏ తంతు తర్వాత ఏది వస్తుందో కూడా రాసివ్వండి. ఎదురుకోలు, గౌరీపూజ, కన్యాదానం, మాంగల్యధారణ, తలంబ్రాలు, మెట్టెలు, నాగవల్లి. ప్రాంతాన్ని బట్టి, ఇంటిని బట్టి ఈ వరుస మారుతుంది. ఒక ఊళ్లో వంద పెళ్లిళ్లు తీసినవాడైనా ఇంకో ఊళ్లో తడబడేది ఇక్కడే.

ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, రెండు భుజాలు

మన దగ్గర అమ్మాయి తరఫున ఒకరు, అబ్బాయి తరఫున ఒకరు ఫోటోగ్రాఫర్లు రావడం మామూలే. ముందు మాట్లాడించకపోతే వేదిక మీద ఒకరికొకరు అడ్డం. మాట్లాడిస్తే అదే మంచి సదుపాయం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు తల మీదికి లేస్తాయి కాబట్టి, ఒక్క పక్క నుంచి తీస్తే ఎవరో ఒకరి ముఖం మరుగున పడుతుంది. పెళ్లికొడుకు భుజం వెనక నుంచి ఒకరు, పెళ్లికూతురి భుజం వెనక నుంచి ఒకరు తీస్తే రెండు ముఖాలూ దొరుకుతాయి. మేనకోడలి తమ్ముడి పెళ్లిలో చేసింది ఇంతే. సుముహూర్తానికి ముందు సెల్‌ఫోన్లు దించమని పురోహితుడి చేతే మైకులో ఒక్క మాట చెప్పించారు. అందరూ విన్నారు.

వెలుతురు

ముహూర్తం రాత్రి అయినా తెల్లవారుజామున అయినా వెలుతురంతా దీపాలదే. వేదిక అలంకరణకు వాడే ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్లు కంటికి బాగుంటాయి గానీ, ఆ రంగు ముఖాల మీద పడితే ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. తంతు జరిగేంతసేపు వాటిని ఆపి, తెల్లటి లైట్లు మాత్రమే ఉంచమని డెకరేషన్ వాళ్లకు చెప్పండి. తెల్లటి మధుపర్కాల మీద లైటు ఎక్కువైతే ఎర్రంచు తప్ప బట్ట నేత కూడా కనబడదు. తలంబ్రాల్లో ఈమధ్య కలిపే థర్మాకోల్ పూసలు జుట్టుకు అంటుకుని ఫోటోలో తెల్లమచ్చల్లా ఉంటాయి. పసుపు కలిపిన బియ్యం జారిపడే తీరు వేరు, ఫోటోకూ అదే అందం.

పెళ్లి మీది

‘ఒక్కసారి మళ్లీ చేయండి’ అన్న మాటకు ఒప్పుకోవద్దు. కన్యాదానంలో అల్లుడి కాళ్లు కడిగే తండ్రికి ఆ క్షణం ఒకసారే వస్తుంది. రెండోసారి కడిగించి తీస్తే అందులో ఉండేది నీళ్లు, పళ్లెం మాత్రమే. ‘తంతును ఆపకూడదు, తిరిగి చేయించకూడదు’ అని ఫోటోగ్రాఫర్‌తో ముందే అనుకోండి. పోజులకు వేరే వేళ ఉంచండి. కుటుంబాల గ్రూపు ఫోటోలు ఇరవై అనుకుంటే, ఒక్కోదానికి రెండు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు పడుతుంది. పేర్లు పెట్టి పిలవడానికి రెండు వైపులా అందరినీ ఎరిగిన మనిషిని ఒక్కొక్కరిని పెట్టండి. పెద్దవాళ్లు అలిసిపోకముందే వాళ్లవి తీయించి, ఆ తర్వాత మీరిద్దరూ కూర్చుని నాలుగు ముద్దలు తినండి. ఆకలితో తెచ్చిపెట్టుకున్న నవ్వు ఫోటోలో తెలిసిపోతుంది.

ప్రీవెడ్డింగ్ షూట్ వల్ల అసలు ప్రయోజనం కెమెరా ముందు బెరుకు పోవడం. దానికి మీ ఊరి చెరువుగట్టు చాలు. గోల్కొండ లాంటి రక్షిత కట్టడంలో తీయాలనుకుంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. డ్రోన్ సంగతీ అంతే. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేసే వ్యక్తికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. విమానాశ్రయాల దగ్గర ఆంక్షలు ఇంకా ఎక్కువ.

కాగితం మీద

అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కొన్ని విషయాలు రాయించుకోవాలి. ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, సమయం దాటితే ఎంత, ఆల్బమ్‌లో ఎన్ని పేజీలు, ఫోటోలు ఏ తేదీకి ఇస్తారు, వాళ్లకు ఒంట్లో బాగోకపోతే బదులు ఎవరు. ఫోటోల మీద హక్కు ఎవరిదన్న సందేహం చాలామందికి ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. అంటే ఒప్పందంలో వేరే మాట రాసి ఉంటే ఆ హక్కు మారిపోవచ్చు. సంతకానికి ముందు చదవండి. మీ ఫోటోలు స్టూడియో తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవచ్చా లేదా అన్నదీ అందులోనే తేల్చండి.

పెళ్లయ్యాక

కెమెరాలో నేరుగా నమోదయ్యే రా (RAW) ఫైల్ ఒక్కొక్కటి 25 నుంచి 50 మెగాబైట్లు ఉంటుంది. నాలుగు వేల ఫోటోలంటే 100 నుంచి 200 గిగాబైట్లు. వాటిని మూడు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఒకటి పుట్టింట్లోనో అత్తింట్లోనో మరో డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో. ఆల్బమ్‌లో 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు పేజీ స్పష్టంగా అచ్చు కావాలంటే దాదాపు 19 మెగాపిక్సెళ్ల ఫోటో కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది, అది అచ్చుకు పనికిరాదు. అసలు ఫైలే తీసుకోండి.

చాలా ఇళ్లలో పెళ్లి ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతాయి, ‘ఏరి ఇస్తాం’ అన్న మాట ఏళ్ల తరబడి మాటగానే మిగులుతుంది. మొదటి నెలలోనే ఒక ఆదివారం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏరండి. మావాడి ఆల్బమ్ రెండో నెలలో వచ్చింది. నలుగు పెట్టిన చేతుల ఫోటోను అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, గాజులు గుర్తుపట్టింది. మీ ఇంట్లో అలా చూడాల్సినవాళ్లు ఉన్నారు. వాళ్లు చూడగలిగినప్పుడే ఆల్బమ్ వాళ్ల చేతిలో పెట్టండి.