గెలిచిన తర్వాత ఓడిన జపాను పెద్దాయన

తుళ్లూరు: సంక్రాంతికి మన పల్లెల్లో జరిగే బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి బాగా తెలుసు. ఓడిన జత యజమాని గొడవ పడడు. ఎడ్ల మెడ నిమిరి, కండువా దులుపుకుని ఇంటిదారి పడతాడు. ఎందుకంటే గడియారం అందరి ముందే తిరిగింది. టేపు అందరి ముందే పరిచారు. బండ ఎన్ని అడుగులు కదిలిందో మైకులో అందరికీ వినిపించారు. రెండు పళ్ల విభాగంలో ఓడినవాడు అదే జతను మేపుకుని, మరో ఏడు నాలుగు పళ్ల విభాగానికి మళ్లీ వస్తాడు.

అదే మొదటి బహుమతి నీదేనని మైకులో చెప్పి, చప్పట్లు కొట్టించి, నాలుగు రోజులు పోయాక ఆ బహుమతి వేరేవారికి ఇస్తున్నామంటే ఏమవుతుంది? ఆ మనిషి ఊరుకోడు. కనీసం నలుగురు పెద్దమనుషులకు ఒక ఉత్తరం ముక్క రాసైనా తన గోడు చెప్పుకుంటాడు.

సరిగ్గా ఇలాంటి సంఘటనే మన తుళ్లూరు గడ్డ విషయంలో జరిగింది. పోటీలో దిగినవాడు సామాన్యుడు కాదు. ప్రపంచమంతా పేరున్న జపాను భవన రూపశిల్పి ఫుమిహికో మాకీ. పోటీ పెట్టింది మన రాజధాని భవనాల కోసం. 2016లో ఆయన గెలిచారు. అదే ఏడాది ఓడారు కూడా.

టీవీలో లేని పోటీ

సాయంత్రం పూట ఏ ఇంటి ముందు నిలబడినా టీవీలో ఏదో ఒక పోటీ వినపడే రోజులివి. ఒక ఇంట్లో కొందరిని ఉంచి వారానికొకరిని బయటకు పంపే 'బిగ్ బాస్' ఒకటి. వ్యాపార ఆలోచనతో వచ్చినవాడిని పెట్టుబడిదారులు ముందు కూర్చోబెట్టుకుని ప్రశ్నించే 'షార్క్ ట్యాంక్' మరొకటి. వీటిలో ఒక మర్యాద ఉంది. ఓడి వెళ్లిపోయేవాడికి నాలుగు మాటలు చెప్పుకునే అవకాశం ఇస్తారు. ఎక్కడ పొరపాటు జరిగింది, ఏం నేర్చుకున్నాను అని అతడు చెబుతుంటే చూసేవారికి కూడా కళ్లు చెమరుస్తాయి.

మన రాజధాని పోటీకి అలాంటి వేదిక లేదు. అందుకే మాకీ తన మాటను ఉత్తరంగా రాసుకోవలసి వచ్చింది.

పోటీ ఎలా వచ్చింది

2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయాక కొత్త రాజధాని అవసరమైంది. తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని 29 గ్రామాల పరిధిని అందుకు ఎంచుకున్నారు. 2015లో భూసమీకరణ కింద 33 వేల ఎకరాలకు పైగా రైతులు ఇచ్చారు. పత్తి, మిరప పండే మెట్ట పొలాలు కొన్ని. కృష్ణ ఒడ్డున అరటి, పసుపు, కూరగాయలు పండే జరీబు పొలాలు కొన్ని. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు.

నగరం మొత్తం 217 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయం ఉండే పాలనా నగరం. ఇది ఎలా ఉండాలో నిర్ణయించడానికి అంతర్జాతీయ పోటీ పెట్టారు. చివరి వరుసలో ముగ్గురు నిలిచారు. ఒకరు జపాను నుంచి మాకీ. రెండవవారు లండను నుంచి రిచర్డ్ రోజర్స్ సంస్థ. మూడవవారు అహ్మదాబాదు నుంచి బాలకృష్ణ దోషికి చెందిన వాస్తుశిల్ప సంస్థ.

ముగ్గురూ ముగ్గురే. భవన నిర్మాణ కళలో నోబెల్ బహుమతితో సమానమని చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి మాకీకి 1993లో, రోజర్స్‌కు 2007లో వచ్చింది. పోటీలో ఓడిన రెండేళ్లకు, 2018లో దోషికి వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఒక పోటీలో వెనకబడినంత మాత్రాన మనిషి విలువ తగ్గదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

2016 మార్చిలో నిపుణుల జ్యూరీ మాకీ నమూనాను ఎంపిక చేసింది. అప్పటికి ఆయన వయసు 87 సంవత్సరాలు. మన ఊళ్లో ఆ వయసు పెద్దలు అరుగు మీద కూర్చుని మనవల ఆటలు చూస్తుంటారు. ఆయన ఒక కొత్త రాజధానికి రూపం గీస్తున్నారు.

చప్పట్లు ఆగకముందే

బొమ్మలు పత్రికల్లో రాగానే జనంలో రకరకాల మాటలు మొదలయ్యాయి. ముఖ్యంగా అసెంబ్లీ భవనం ఆకారం చాలామందికి నచ్చలేదు. అణు విద్యుత్ కేంద్రం గొట్టాల మాదిరిగా ఉందని ఎగతాళి చేశారు. కృష్ణ అవతల ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాన్ని రోజూ చూసే మనవారికి ఆ పోలిక ఇట్టే అర్థమవుతుంది. నమూనాల్లో తెలుగుదనం కనిపించాలని, ప్రపంచంలో మేటి భవనాల సరసన నిలవాలని ప్రభుత్వ పెద్దలు కోరుకున్నారు. మార్పులు, చేర్పులు అన్నారు. చివరకు 2016 ముగిసేలోగానే మాకీ సంస్థను తప్పించారు.

తర్వాత ఆ పని 2017లో లండనుకు చెందిన నార్మన్ ఫాస్టర్ సంస్థకు వెళ్లింది. ఫాస్టర్ కూడా 1999లో ప్రిట్జ్‌కర్ అందుకున్నవారే. పోటీలో ఓడిన రోజర్స్, పోటీ తర్వాత పని దక్కించుకున్న ఫాస్టర్ 1960లలో లండనులో ఒకే సంస్థగా కలిసి పనిచేసిన మిత్రులు కావడం విశేషం.

అదే 2017లో సినీ దర్శకుడు ఎస్.ఎస్.రాజమౌళి సలహాలు కూడా తీసుకున్నారు. తాను భవన రూపశిల్పిని కానని, ముఖ్యమంత్రి ఆలోచన ఫాస్టర్ సంస్థకు సరిగ్గా అందేలా సాయపడడమే తన పని అని ఆయన అప్పట్లో వివరణ ఇచ్చుకున్నారు.

ఉత్తరంలోని మాట

మాకీ కోర్టుకెక్కి రచ్చ చేయలేదు. దేశంలోని ఆర్కిటెక్టుల వ్యవహారాలు చూసే ఆర్కిటెక్చర్ కౌన్సిల్ అధ్యక్షునికి ఒక బహిరంగ లేఖ రాశారు. తమను తప్పించిన తీరు పారదర్శకంగా లేదని, వృత్తి మర్యాదకు తగినట్టు లేదని అందులో ఆక్షేపించారు. తమకు జరిగింది తోటి ఆర్కిటెక్టులకు కూడా తెలియాలన్నది ఆ లేఖ సారాంశం.

ఇందులో రెండు వైపులా ఆలోచించవలసింది ఉంది. ఇల్లు కట్టించుకునేవాడికి ప్లాను నచ్చకపోతే వద్దనే హక్కు ఉంటుంది. మేస్త్రీ ఎంత పేరున్నవాడైనా ఆ ఇంట్లో కాపురం చేసేది యజమానే. పైగా ఇది కోట్ల మంది ప్రజల ఇల్లు. నచ్చని భవనాన్ని మొహమాటానికి కట్టి వందేళ్లు చూస్తూ కూర్చోలేం.

కాని పోటీ పెట్టి, పెద్దమనుషులను తీర్పరులుగా కూర్చోబెట్టి, ఫలితం చెప్పించిన తర్వాత ఆ తీర్పును పక్కన పెట్టవలసి వస్తే, ఎందుకు పెట్టామో ఆ గెలిచినవాడికి, జనానికి విప్పి చెప్పాలి. మిర్చి యార్డుకు సరుకు తోలినవారికి ఈ బాధ తెలియనిది కాదు. టిక్కీ కోసి, కాయ చూసి, ధర మాట్లాడాక కాటా దగ్గర బేరం మారిస్తే రైతు కడుపు మండేది డబ్బు ఒక్కదానికే కాదు. ముందే ఈ మాట చెబితే వేరే కొట్టుకు పోయేవాడిని కదా అన్నది అసలు బాధ. ధర తగ్గడం మార్కెట్ గుణం. మాట తప్పడం మనిషి గుణం.

పాట్నాలో గెలుపు, సిడ్నీలో కథ

ఇంతకు కొన్నేళ్ల ముందే మాకీ మన దేశంలోనే మరో పోటీ గెలిచారు. పాట్నాలో బీహార్ మ్యూజియం కోసం 2011లో అంతర్జాతీయ పోటీ పెడితే చివరి వరుసలో నిలిచిన ఐదు సంస్థల్లో మాకీ సంస్థ ఒకటి, ఫాస్టర్ సంస్థ మరొకటి. అక్కడ మాకీ గెలిచారు. ఫాస్టర్ ఓడారు. గెలిచినవారి నమూనా ప్రకారమే మ్యూజియం కట్టారు. 2017 నాటికి అది పూర్తిగా తెరుచుకుంది. ఈనాడు పాట్నా వెళ్లినవారు తప్పక చూసే భవనాల్లో అదొకటి. పాట్నాలో ఓడినవారికి అమరావతిలో పని దక్కింది. పాట్నాలో గెలిచినవారికి అమరావతిలో దక్కలేదు. కాలచక్రం అంటే ఇదేనేమో.

గెలిచినవాడిని సాగనంపడం మన దగ్గరే జరిగిన వింత కూడా కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపేరా భవనం బొమ్మ పాఠ్యపుస్తకాల్లో చాలామంది చూసే ఉంటారు. సముద్రం ఒడ్డున తెరచాపలు ఎత్తినట్టు ఉంటుంది. 1957లో ఆ పోటీ గెలిచిన డెన్మార్క్ దేశస్థుడు యోర్న్ ఉట్జన్ ప్రభుత్వంతో పేచీ వచ్చి 1966లో పని వదిలి వెళ్లిపోయారు. 1973లో భవనం ప్రారంభమైనప్పుడు ఆయన అక్కడ లేరు. 2008లో కన్నుమూసే వరకు తన చేతి భవనాన్ని పూర్తయిన రూపంలో కళ్లారా చూడనేలేదు. అయితే ఆ ప్రభుత్వం తర్వాత తన పొరపాటు గ్రహించి 1999లో ఆయనను మళ్లీ సలహాదారుగా పిలిచింది. మనిషి బతికుండగానే మర్యాద తిరిగి ఇచ్చింది. మాకీ విషయంలో అలాంటి రోజు రాలేదు. 2024 జూన్ 6న, 95వ ఏట ఆయన కన్నుమూశారు.

రైతుకెందుకీ గోల?

జపాను ఆర్కిటెక్టుకు పని పోతే తుళ్లూరు రైతుకు ఏమిటి నష్టమని ఎవరైనా అడగవచ్చు. ఈ ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మాకీకి జరిగింది చిన్న రూపంలో జరిగితే, రైతుకు జరిగింది పెద్ద రూపంలో జరిగింది.

ఎకరం మెట్ట ఇచ్చినవారికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అన్నారు. జరీబు అయితే వెయ్యికి తోడు 450 గజాలు అన్నారు. కౌలు కింద ఏటా మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, పదేళ్లపాటు ఏటేటా పెంపుతో ఇస్తామన్నారు. ఆ మాట మీద పొలం ఇచ్చిన రైతు 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల ప్రకటన విన్నాడు. నీదే బహుమతి అని మైకులో చెప్పి తర్వాత కాదన్నట్టే అయింది. తుళ్లూరులో, మందడంలో, వెలగపూడిలో శిబిరాలు వెలిశాయి. 2021 నవంబరు 1న తుళ్లూరు నుంచి బయలుదేరి తిరుమల దాకా నడిచారు. ఎప్పుడూ గడప దాటి ఎరుగని ఆడవారు కూడా ఆ దారిన నడిచారు.

రైతులకు, మాకీకి ఒక తేడా ఉంది. రైతు చేతిలో సర్కారు సంతకం చేసిన ఒప్పంద పత్రం ఉంది. 2022 మార్చి 3న హైకోర్టు ఆ ఒప్పందాన్ని ప్రభుత్వం పాటించవలసిందేనని తీర్పు చెప్పింది. అందులో పెట్టిన గడువులను అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసినా, కాగితానికి ఉన్న విలువ ఏమిటో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసివచ్చింది. జ్యూరీ తీర్పు, పత్రికలో ఫోటో, సభలో చప్పట్లు ఇవన్నీ నీటి మూటలే. వేలిముద్ర వేసినా సరే, చదివించుకుని వేసిన కాగితం ఒక్కటే చివరకు నిలుస్తుంది.

నీళ్లలో నిలిచిన పునాదులు

ఫాస్టర్ గీసిన బొమ్మల్లో అసెంబ్లీ మీద సూదిలా పైకి లేచే శిఖరం ఉంది. హైకోర్టు ఆకారం మన ప్రాచీన స్తూపాలను గుర్తుకు తెచ్చేలా ఉంటుంది. నగర కేంద్రంలో కనీసం అరవై శాతం పచ్చదనం, నీరు ఉండాలన్నది ఆ నమూనా. తీరా ఆ గెలుపు కూడా సాఫీగా సాగలేదు. 2019లో పనులు ఆగాయి. తవ్విన పునాదుల్లో వాననీరు నిలిచింది. 2024లో ప్రభుత్వం మారాక ఐఐటీ నిపుణులు వచ్చి ఆ పునాదులను పరీక్షించారు. నీళ్లు తోడారు. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులను మళ్లీ ప్రారంభించారు. ఓడినవాడే కాదు, గెలిచినవాడు కూడా ఐదేళ్లు ఎదురుచూశాడు. ఇద్దరికంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆ నేల మీద పత్తి వేసుకున్నవాడు.

రేపు అసెంబ్లీ శిఖరం లేచి నిలబడవచ్చు. చూడడానికి ఊళ్లకు ఊళ్లు తరలిరావచ్చు. ఆనాడు మన పిల్లలకు ఫాస్టర్ పేరుతోపాటు మాకీ పేరు కూడా చెప్పడం న్యాయం. 87 ఏళ్ల వయసులో మన ఊరి కోసం బొమ్మ గీసి, గెలిచి, ఆ గెలుపు చేజారినా ఎవరినీ తూలనాడకుండా తన మాట ఒక ఉత్తరంలో చెప్పి తప్పుకున్న పెద్దమనిషి ఆయన.

ఇకముందు పెట్టే పోటీలు రాజధాని భవనానికైనా, పంచాయతీ చెరువు వేలానికైనా బండలాగుడు పద్ధతిలో జరిగితే చాలు. గడియారం అందరి ముందు తిరగాలి. టేపు అందరి ముందు పరచాలి. లెక్క మైకులో చెప్పాలి. అప్పుడు ఓడినవాడు కూడా కండువా దులుపుకుని, మళ్లీ ఏడు వస్తానని నవ్వుతూ వెళతాడు.