రంగునీళ్లను మట్టి తేటపరుస్తుంది సరే, ఆ మట్టిని ఎవరు ఎత్తాలి?

దళితవాడలో నీళ్లు రంగు మారాయని, వాసన వస్తున్నాయని ఫిర్యాదు చేస్తే అధికారుల నుంచి మొదట వచ్చే మాట ‘కాచి, వడగట్టి తాగండి’. కలరాకూ కామెర్లకూ అది మంచి సలహానే. కానీ నీళ్లలో కరిగింది అద్దకం రంగో, పురుగుమందో, మాత్రల కంపెనీ వదిలిన రసాయనమో అయితే కాచినా చాలావరకు పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగడితే ఆగేది నలకలే.

వీటిని సేంద్రియ కాలుష్యాలంటారు. సేంద్రియ ఎరువు గుర్తొచ్చి మంచివేమో అనుకోవద్దు. రసాయనశాస్త్రంలో ఆ మాటకు కార్బన్ ఉన్న పదార్థమని మాత్రమే అర్థం.

చంద్రగిరి నుంచి పుత్తూరు మీదుగా నగరి వైపు వెళ్తే మరమగ్గాలు, వాటి వెంట నూలుకు రంగులద్దే యూనిట్లు కనిపిస్తాయి. ఆ రంగునీళ్లు కుశస్థలి నదిలో కలుస్తున్నాయన్న ఫిర్యాదు ఏళ్లనాటిది. తెలంగాణలోని పటాన్‌చెరుది ఇంకా ఘోరం. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఎక్కువ. అదీ శుద్ధి చేసి వదిలిన నీళ్లలో!

ఇలాంటి నీళ్ల కోసం శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్న వాటిలో చవకైనది బంకమట్టి. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బడం మనం చూస్తూనే ఉంటాం. మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం వల్ల అలా జరుగుతుంది. బెంటొనైట్ పేరుతో అమ్మే మట్టిలోనూ ప్రధానంగా ఉండేది అదే. కంటికి కనపడనంత పలచటి రేకులు దొంతరగా పేర్చినట్టు ఉంటుంది. ఒక్క గ్రాములోని రేకులన్నీ విడదీసి పరిస్తే దాదాపు 700 చదరపు మీటర్లు, అంటే 17 సెంట్లు. పల్లెల్లో పేదల ఇంటికి ప్రభుత్వం ఇచ్చిన పట్టా సెంటున్నర అని గుర్తుచేసుకుంటే ఆ లెక్క బాగా బుర్రకెక్కుతుంది.

ఈ రేకులకు రుణావేశం ఉంటుంది. వాటి మధ్య సోడియం, కాల్షియం అయాన్లు వదులుగా కూర్చుని ఉంటాయి. ధనావేశమున్న అణువు వస్తే అవి తప్పుకుని చోటిస్తాయి. మిథిలీన్ బ్లూ, క్రిస్టల్ వయొలెట్ లాంటి రంగులు, సిప్రోఫ్లాక్సాసిన్ కూడా అలా మట్టికి అతుక్కుంటాయి. ఇలా ఉపరితలానికి పట్టుకోవడమే అధిశోషణం.

నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులతోనే చిక్కు. వాటిదీ రుణావేశమే, కాబట్టి మామూలు మట్టి వాటిని తోసేస్తుంది. బెంజీన్ లాంటి ఆవేశం లేని నూనె స్వభావపు రసాయనాలూ దానికి సరిగా అంటవు. అందుకే మట్టిని మారుస్తారు. తలకు రాసే కండిషనర్లలో ఉండే కోవకు చెందిన సీటాబ్ అనే రసాయనాన్ని నీళ్లలో కలిపి మట్టిని అందులో నానబెడతారు. దాని తలకు ధనావేశం, వెనక పొడవాటి కార్బన్ తోక. తల వెళ్లి సోడియం చోట కూర్చుంటుంది. తోకల వల్ల మట్టికి నూనె స్వభావం వచ్చి బెంజీన్ లాంటివి అంటుకుంటాయి. మోతాదు పెంచితే రెండో వరుస కూడా పేరుకుని రేకు పైభాగం ధనావేశానికి మారుతుంది. అప్పుడు రియాక్టివ్ రంగులూ పట్టుబడతాయి.

అయితే మట్టికి ఒక కడుపుంది, అది నిండాక ఇంక పట్టదు. మోతాదు తప్పితే సీటాబే నీళ్లలోకి కారుతుంది, అది చేపలకు విషం. అద్దకంలో గుమ్మరించే ఉప్పును ఈ మట్టి ముట్టుకోదు. నీళ్లు తేటగా కనిపించినా ఉప్పు అలాగే ఉండి బావుల్ని, పొలాల్ని పాడుచేస్తుంది. నాకు ఎక్కువ భయం ఇక్కడే. తేటనీళ్ల సీసా చూపించి కాలుష్యం పోయిందంటే నమ్మేవాళ్లు చాలామంది.

పైగా అధిశోషణంలో విషం నశించదు, నీళ్లలోంచి మట్టిలోకి మారుతుందంతే. నిండిన మట్టిని ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి కాల్చాలి, లేదా ప్రత్యేక గోతిలో పూడ్చాలి. రెండూ ఖర్చే. ఖర్చు తప్పించుకుంటే ఆ బురద చేరేది ఊరి చివరికి. ఊరి చివర ఎవరుంటారో, ఆ బురద ఎత్తే పని ఏ కులాలకు అంటగట్టారో ఈ పేజీ చదివేవారికి చెప్పక్కర్లేదు.

1985 జులై 17న కారంచేడులో మాదిగలపై జరిగిన దాడికి ముందు రేగిన గొడవ, వాళ్లు తాగే చెరువునీళ్లను పాడుచేయడం గురించే. ఎస్సీ, ఎస్టీలు వాడే నీటిని మలినం చేయడం అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్ కింద నేరం. ఫ్యాక్టరీ కాలువ విషయంలో ఆ సెక్షన్‌ను తలుచుకునేవారు తక్కువ.

కాబట్టి మీ దగ్గర ఇలాంటి శుద్ధి యూనిట్ పెడతామంటే, శుద్ధికి ముందూ తర్వాతా సీఓడీ, టీడీఎస్ లెక్కలు రెండూ అడగండి. ఎన్ని కిలోల మట్టి వాడారు, అది ఎక్కడికి పోయింది, ఏ వాహనంలో పోయిందన్నది సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. సొంతంగా నమూనా తీస్తే ప్లాస్టిక్ సీసా వద్దు, సేంద్రియ రసాయనాలు దాని గోడకు అంటుకుంటాయి. ముదురు రంగు గాజుసీసాను గాలి లేకుండా అంచుదాకా నింపి, ఐసులో పెట్టి వీలైనంత త్వరగా ల్యాబుకు చేర్చండి. తీసిన చోటు, తేదీ, సమయం సీసా మీదే రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించండి.