ఇంట తయారుచేసుకొను ముఖలేపనం

ముఖలేపనం అనగానే అంగడిలో దొరికే స్నో డబ్బీయే నేటి విద్యార్థినీ విద్యార్థులకు స్ఫురించును. దాని పిమ్మట ఎవరో చెప్పగా విన్న వంటింటి చిట్కాలు స్ఫురించును. ఈ రెండింటికీ నడుమ మరియొక మార్గం కలదు. అది వస్తువుల గుణమెరిగి, కొలతతో స్వయంగా తయారుచేసుకొనుట. ఆ మార్గాన్ని వివరించుటే మా ఉద్దేశం.

ముందుగా చర్మానికి కావలసినదేమిటో చూతము. చర్మం పైపొరలో కొంత నీరు ఉండును. ఆ నీరు గాలిలో కలిసిపోకుండా సహజమైన జిడ్డు కాపాడును. మన కురబలకోట, మదనపల్లె ప్రాంతం ఎత్తయిన పీఠభూమి; సమీపాన 4,000 అడుగులకు పైబడిన హార్సిలీ కొండలు కలవు. మార్గశిర, పుష్య మాసాల పొడి చలిగాలికి పెదవులు, చెంపలు, మడమలు పగులును. రోజుకు ఐదుమార్లు వుజూ చేయువారికి నీటితోపాటు చర్మపు జిడ్డు కూడ కొంత తొలగిపోవును. ఆ లోటును పూరించుటే లేపనం చేయవలసిన పని. చర్మపు రంగు మార్చుట దాని పని కాదు.

ఈ విద్యకు దీర్ఘమైన చరిత్ర కలదు. క్రీస్తు శకం రెండవ శతాబ్దిలో రోమునగరంలో వైద్యం చేసిన గ్రీకు వైద్యుడు గాలెన్, మైనం, ఆలివు నూనె, గులాబీనీరు కలిపి ఒక పూతను తయారుచేసెను. అందలి నీరు ఆవిరియగునప్పుడు చర్మానికి చల్లదనం కలుగును. కనుకనే ఆ జాతి పూతలకు కోల్డ్ క్రీం అను పేరు వచ్చెను. స్పెయిన్ దేశపు కార్డోబా ప్రాంతానికి చెందిన మహావైద్యుడు అజ్జహ్రావి, క్రీస్తు శకం 1000 ప్రాంతంలో పూర్తిచేసిన తన 30 సంపుటాల 'అత్తస్రీఫ్' గ్రంథంలో పందొమ్మిదవ సంపుటాన్ని సౌందర్యసాధనాలకే కేటాయించెను. మన దేశంలో 1919లో పాటన్‌వాలా అను వ్యాపారి బొంబాయిలో ఆఫ్గన్ స్నోను ప్రవేశపెట్టగా, ఇంటింటా స్నో అను మాట వాడుకలోనికి వచ్చెను.

నూనె, నీరు వాటంతటవి కలియవు. గాలెన్ పూతలో నీరు త్వరగా వేరుపడుటకు కారణమిదే. పందొమ్మిదవ శతాబ్దిలో దానికి వెలిగారం చేర్చిరి. మైనంలోని ఆమ్లంతో వెలిగారం కలిసి ఒకవిధమైన సబ్బు ఏర్పడును. అది నూనెను, నీటిని కలిపి నిలుపును. వెలిగారం తక్కువైన పూత విరుగును, ఎక్కువైన పలుకులు కట్టి చర్మాన్ని మండించును. అధిక మోతాదులో అది సంతానశక్తికి హానికరమని ఐరోపా దేశాలు వర్గీకరించినవి. స్నో జాతి పూతలకు స్టియరిక్ ఆమ్లంతో పాటు ఘాటైన క్షారం అవసరం. కనుక ఈ రెండు పద్ధతులనూ ఇంట చేపట్టరాదని మా సలహా. నీరు లేని పూతయే ఇంటికి తగినది.

దాని పాళ్లు ఇవి: శుద్ధమైన తేనెమైనం 10 గ్రాములు, గానుగ నువ్వులనూనె 40 గ్రాములు. చెంచాలతో గాక త్రాసుతో తూచవలెను. మైనం సుమారు 62 నుండి 64 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగును. దానిని నేరుగా పొయ్యిపై పెట్టరాదు. వేడినీటి గిన్నెలో మరొక పొడిగిన్నె నుంచి అందులో కరిగించవలెను. కరిగిన పిదప నూనె పోసి, రెండూ ఏకమగువరకు కలిపి, దించి, గోరువెచ్చనగువరకు కలుపుచు, తడిలేని సీసాలో పోయవలెను.

ఇక సవరణల సంగతి. బెల్లపు పాకాన్ని పరీక్షించినట్లే, ఒక చుక్కను చల్లని స్టీలు గరిటెపై వేసి చూడవలెను. గట్టిగా ఉన్న నూనె 5 గ్రాములు, పలుచగా ఉన్న మైనం 1 గ్రాము చేర్చి మరల కరిగించవలెను. ఎండకాలానికి ఒక పాలు మైనానికి నాలుగు పాళ్ల నూనె, చలికాలానికి ఐదు పాళ్ల నూనె అనుకూలం. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల వద్దనే గడ్డకట్టును. కనుక దానిని వాడువారు చలికాలంలో మైనాన్ని ఇంకను తగ్గించవలెను. ఒకమారు ఒక్క వస్తువునే మార్చి, ఆ మార్పును, తేదీని పుస్తకంలో వ్రాసుకొనవలెను. రెండింటిని ఒక్కసారి మార్చిన, ఫలితం దేనివలన కలిగెనో తెలియదు. ప్రయోగశాలలో మనం పాటించు సూత్రమే ఇది.

గులాబీనీరు, కలబంద గుజ్జు, పాలు, పెరుగు చేర్చవలెనని పలువురికి కోరిక కలుగును. నీరు చేరినచోట సూక్ష్మక్రిములు చేరును. అవి కంటికి కనబడు బూజుగా మారుటకు ముందే చర్మానికి హాని చేయగలవు. అట్టివి ఏ పూటకాపూట కలిపి వాడి, మిగిలినది పారవేయవలెను. తడివేలు సీసాలో ముంచరాదు. నిమ్మరసం పూసి ఎండలోనికి వెళ్లిన చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లని మచ్చలు ఏర్పడవచ్చును. ఏ కొత్త పూతనైనను ముందుగా మోచేతి లోపలివైపు రాసి రెండు దినాలు గమనించవలెను. దురద, ఎరుపు కనబడిన విడిచిపెట్టవలెను.

ఈ వ్యాసం వ్రాయుటకు మమ్ము పురికొల్పిన ముఖ్య విషయం వేరొకటి కలదు. తెల్లబడవలెనను ఆశతో మన పిల్లలు పేరు, ఊరు, తయారీ వివరాలు లేని క్రీములను కొనుచున్నారు. పాదరసం చర్మంలో రంగు ఏర్పడుటను అడ్డుకొనును. కనుకనే కొందరు దానిని క్రీములలో కలుపుదురు. అది చర్మం ద్వారా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీయును. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021, 2023 సంవత్సరాల నడుమ వైద్యులు ఒక జాతి మూత్రపిండవ్యాధి గల 22 మందిని పరిశీలించిరి. వారిలో 15 మందికి అరుదైన ఒక రకం ఉన్నట్లు తేలగా, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరచు క్రీములు వాడినవారే. కంటి చుట్టూ వాడునవి మినహా, ఇతర సౌందర్యసాధనాలలో పది లక్షల భాగాలకు ఒక భాగాన్ని మించి పాదరసం ఉండరాదని మన దేశపు 2020 నాటి నియమావళి శాసించుచున్నది. మరికొన్నింటిలో స్టిరాయిడ్లు ఉండును. అవి తొలుత నిగారింపు నిచ్చి, పిదప చర్మాన్ని పలుచబరచును.

ఇంట చేసిన పూత ఎవరినీ తెల్లగా చేయదు. అది చేయు మేలు స్వల్పమే, కాని నిజమైనది. ముఖం కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే బఠాణీగింజంత పూతను పలుచగా రాసిన చర్మంలోని నీరు నిలుచును, పగుళ్లు తగ్గును. అందులో ఏమున్నదో, ఎంత ఉన్నదో తయారుచేసినవారికి తెలియును. జంతువుల కొవ్వు చేరినదేమోనను సంశయానికి కూడ తావుండదు. అంగడి డబ్బీ కొనునప్పుడు సైతం ఇదే ప్రశ్న వేయుడు: ఇందులో ఏమున్నది? సమాధానం డబ్బీపై లేనిచో, ఆ వస్తువు మీ ముఖానికి తగినది కాదు.